మెట్ల కింద కరెంటు బోర్డు ఎవరిది? ఒక అద్దె భవనంలో ఫైర్ సేఫ్టీ: కేస్ స్టడీ

నేపథ్యం

ఆస్పత్రులకీ కాలేజీలకీ కల్యాణ మండపాలకీ ఫైర్ సేఫ్టీ ఆడిట్ చేయడం నా వృత్తి. పని ఎక్కువగా గోదావరి డెల్టాలోనే. ఈ కేసులో చట్టం లేక పని ఆగలేదు, డబ్బు లేకా ఆగలేదు. ప్రమాదం ఎక్కడుందో అందరికీ తెలుసు. ఆ చోటు మాది అని చెప్పే మనిషి లేకపోవడంతో ఆగింది. అద్దె భవనాలు చూసే ఇంజనీర్లకీ, వాటి యజమానులకీ, తనిఖీకి వెళ్ళే అధికారులకీ పనికొస్తుందని రాస్తున్నాను. ఊరు పేరు ఇవ్వడం లేదు, మనుషుల్ని పోల్చుకోగల వివరాలు మార్చాను.

భవనం కాలువ రోడ్డుకీ పాత బజారుకీ మధ్య సందులో ఉంటుంది. గ్రౌండ్ మీద మూడంతస్తులు, ఎత్తు 12 మీటర్ల పైచిలుకు. కింద ఒక బట్టల షాపు, ఒక మందుల షాపు. మొదటి అంతస్తులో ఇరవై పడకల నర్సింగ్ హోమ్. రెండు, మూడు అంతస్తులు ఒక జూనియర్ కాలేజీకి ఇచ్చారు. పగలు క్లాసులు, రాత్రి తొమ్మిదిన్నర దాకా స్టడీ అవర్లు. టెర్రస్ మీద రేకుల షెడ్డు వేసి, స్టడీ అవర్లకి ఉండిపోయే పిల్లలకీ స్టాఫ్‌కీ అక్కడే వంట చేసేవాళ్ళు.

కట్టించిన పెద్దాయన లేరు. ఆస్తి ముగ్గురు పిల్లల పేర ఉమ్మడిగా ఉంది. ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు అమెరికాలో. అద్దెలు వసూలు చేసి ఎవరి వాటా వాళ్ళకి పంపేది వాళ్ళ బాబాయి గారు. భవనంలో అందరూ ఆయన్ని బాబాయి గారనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. అద్దె అగ్రిమెంట్లు నాలుగు, వేర్వేరు ఏళ్ళలో వేర్వేరు మనుషులతో రాసుకున్నవి. నాలుగింటిలోనూ ఒకటే వాక్యం: లోపలి రిపేర్లు అద్దెకున్నవారివి, కట్టడానికి సంబంధించినవి యజమానులవి. మెట్లు, మెట్ల కింద కరెంటు ప్యానెల్, వెనక గేటు, టెర్రస్ అన్న మాటలు ఏ అగ్రిమెంట్‌లోనూ లేవు. కేసంతా ఆ ఖాళీలోనే నడిచింది.

ఆ రాత్రి

ఒక ఏప్రిల్ రాత్రి, ఎనిమిది దాటాక, ముందు మెట్ల కింద ఉన్న మీటర్ ప్యానెల్ అంటుకుంది. మంట పెద్దది కాదు. కానీ కేబుల్ ప్లాస్టిక్ కాలిన నల్లటి పొగ మెట్ల దారిన పైకి లేచింది. తలుపుల్లేని మెట్లు పొగగొట్టంలా పనిచేస్తాయి. కింద నుంచి వేడి గాలి తోస్తుంటే పొగ నిమిషాల్లో పై అంతస్తుకి చేరుతుంది. కరెంటు పోయింది, ఎమర్జెన్సీ లైట్లు వెలగలేదు. మూడో అంతస్తు పిల్లలు మెట్ల వైపు పరుగెత్తారు. ఒక లెక్చరర్ వాళ్ళని ఆపి, వెనక వైపు గదిలోకి తోసి, తలుపు మూసి, కింది సందులో తడి గుడ్డలు కుక్కి, కిటికీలు తెరిచారు. ఆ పిల్లల్ని కాపాడింది ఆ నిర్ణయమే. నర్సింగ్ హోమ్‌లో సిస్టర్లు వార్డు తలుపులు మూసేసి, రోగుల్ని వీధి వైపు గదుల్లోకి జరిపారు. లైన్‌మన్ వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సప్లై తీశాక మంట ఆరింది. ఫైరింజన్ బజారు మూల దాకా వచ్చి ఆగిపోయింది, సిబ్బంది మంటలార్పే సిలిండర్లు మోసుకుని పరుగెత్తుకొచ్చారు. ప్రాణాలేమీ పోలేదు. కొంతమంది పిల్లలకి పొగ పట్టి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది.

నన్ను పిలిచింది నర్సింగ్ హోమ్ డాక్టరమ్మ గారు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గర పడింది, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ వాళ్ళు ఫైర్ కాగితం అడిగారు. "మా ఫ్లోర్ వరకూ ఏం కావాలో చెప్పండి, చేయించేస్తాను" అన్నారు. ఆవిడ మాటలో చిత్తశుద్ధి ఉంది. కానీ పొగకి ఫ్లోర్ల లెక్క లేదు, అందుకే భవనం మొత్తం చూస్తేనే ఒప్పుకుంటానని చెప్పాను.

చూసినవి

ముందు ప్యానెల్ విప్పించాను. లోపల అల్యూమినియం కేబుల్‌ని రాగి బస్ బార్‌కి, అంటే కరెంటు పంచే రాగి పట్టీకి, నేరుగా బిగించారు, మధ్యలో ఆ రెండు లోహాల్నీ కలపడానికి ఉండాల్సిన బైమెటాలిక్ లగ్ లేదు. బోల్టు చుట్టూ తెల్లటి పొడి కట్టింది. సముద్రపు తేమ తగిలే మన కోనసీమ, భీమవరం వైపు ఊళ్ళలో ఇది తరచూ చూస్తాను. రెండు వేర్వేరు లోహాలు తడిలో ఆనుకుని ఉంటే అతుకు తింటూ పోతుంది, వదులవుతుంది, వేడెక్కుతుంది. చాలామందికి తెలియని సంగతి ఇక్కడ ఒకటుంది. వదులైన అతుకు వేడెక్కుతుంటే ఎంసీబీ స్విచ్చి పడదు. లోడు ఎక్కువైతేనో షార్ట్ అయితేనో ఎంసీబీ పడుతుంది. ఇక్కడ కరెంటు మామూలుగానే పారుతోంది, అతుకు మాత్రం కాలిపోతోంది. వేసవి వచ్చి అన్ని అంతస్తుల ఏసీలూ ఒకేసారి నడిచేసరికి అంటుకుంది. ప్యానెల్ పక్కన బట్టల షాపు వాళ్ళ ఖాళీ అట్టపెట్టెలు నిలువెత్తు పేర్చి ఉన్నాయి.

ప్లానులో మెట్లు రెండు చోట్ల ఉన్నాయి. వెనక మెట్లు కట్టారు కూడా. కానీ కింద గేటుకి తాళం, మొదటి అంతస్తు మలుపులో నర్సింగ్ హోమ్ పాత మంచాలు, సెలైన్ పెట్టెలు, అడుగున జనరేటర్. గేటు కటకటాల ఇనుము తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయింది. తాళం తీసినా ఇద్దరు కలిసి లాగితే గాని జరగలేదు. వాచ్‌మన్‌ని అడిగితే, "తాళం నా దగ్గరే ఉంటాదండి. ఎనిమిదింటికి ఇంటికెళ్ళిపోతానండి" అన్నాడు. మంట లేచింది ఎనిమిది దాటాకే.

టెర్రస్ షెడ్డులో 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు వాడుతున్నారు. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది. లీకైతే పైకి పోదు, మెట్ల వెంట కిందికి దిగుతుంది. అంటే పైన వంట, కింద నిప్పురవ్వ, మధ్యలో పిల్లలు.

చట్టం ఏమంటోంది, ఎవరేమన్నారు

బాబాయి గారి మొదటి మాట: "మనది 15 మీటర్లు లేదు కదండీ, మనకి ఎన్‌వోసీ అక్కర్లేదు." ఈ మాట డెల్టాలో ప్రతి ఊళ్ళోనూ వింటాను. ఎన్‌వోసీ అంటే అభ్యంతరం లేదని ఫైర్ శాఖ ఇచ్చే కాగితం. ఆయన మాట సగమే నిజం. మన రాష్ట్రంలో 1999 ఫైర్ సర్వీస్ చట్టం కింద వ్యాపార భవనానికి 15 మీటర్లు, నివాస భవనానికి 18 మీటర్ల హద్దు ఉంది. కానీ స్కూళ్ళు, సినిమా హాళ్ళు, ఫంక్షన్ హాళ్ళలాంటి, జనం పోగయ్యే చోట్లకి ఆ హద్దు వర్తించదు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా చాలు, ఎన్‌వోసీ కావాలి. పై అంతస్తుల్లో స్కూలో కాలేజీయో పెట్టిన రోజే ఈ భవనం ఆ లెక్కలోకి వచ్చేసింది. భవనం మారకుండానే దాని వర్గం మారిపోయింది, ఆ మార్పు భవనం ఫైలులోకి ఎక్కలేదు.

ఒక పాత ఎన్‌వోసీ దొరికింది. కాలేజీకి ముందు అక్కడున్న ఒక స్కూలు పేరు మీద, గడువు తీరిపోయినది. ఆ స్కూలు వెళ్ళిపోతూ మంటలార్పే సిలిండర్లు కూడా పట్టుకెళ్ళింది. అనుమతి అద్దెదారు పేర తీసుకుంటే వాళ్ళతోనే పోతుంది. మెట్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి.

ఆఫీసుల వైపు చూస్తే ఎవరి పని వాళ్ళు చేస్తూనే ఉన్నారు. మున్సిపాలిటీ టౌన్ ప్లానింగ్ ప్లాను చూస్తుంది. వైద్య శాఖ నర్సింగ్ హోమ్ చూస్తుంది. ఇంటర్ బోర్డు అఫిలియేషన్‌కి కాలేజీ కాగితాలు అడుగుతుంది. కరెంటు ఆఫీసుకి మీటరు వరకే పని, మీటర్లు బిగించిన ప్యానెల్ భవనం వాళ్ళది. ఫైర్ స్టేషన్ వాళ్ళకి వేసవి వచ్చిందంటే తాటాకిళ్ళు, గడ్డివాముల కాల్స్‌తోనే సరిపోతుంది, ఆ సిబ్బందే తనిఖీలకీ వెళ్ళాలి. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు అగ్నిమాపక సేవల్ని పురపాలక పనుల్లో చేర్చింది, మన దగ్గర మాత్రం అది రాష్ట్ర శాఖ. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో మెట్ల వెడల్పు నుంచి తలుపు తెరుచుకునే దిక్కు వరకూ అన్నీ ఉన్నాయి, కానీ అది తనంతట చట్టం కాదు, రాష్ట్రం నిబంధనల్లో చేర్చుకుంటేనే బలం వస్తుంది. ఇన్ని చేతుల్లో పని ఉన్నప్పుడు ప్రతి ఒక్కరూ నిజాయితీగా తన వంతు చేసినా మధ్యలో మెట్లు మిగిలిపోతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక పాత ఫైళ్ళు వెతకడం ఇంకో పని.

మొదట చేసినవి, ఎందుకు నిలబడలేదు

మొదట సులువైనవి చేశాం. మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్లు, ప్యానెల్ దగ్గర సీవోటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండరు, చీకట్లో మెరిసే దారి బోర్డులు. సిలిండరు కోసం ఎవరూ 15 మీటర్లకి మించి నడవకూడదన్న లెక్కతో స్థలాలు గుర్తు పెట్టాను. ఇవి అవసరమే. కానీ కొద్ది వారాలకే మెట్ల మలుపులోని సిలిండరు ముందు మళ్ళీ పెట్టెలు చేరాయి. కాలేజీ వాళ్ళు నర్సింగ్ హోమ్‌వన్నారు, నర్సింగ్ హోమ్ వాళ్ళు మందుల షాపువన్నారు. సిలిండరు ఖర్చు పెట్టింది డాక్టరమ్మ గారు, ఆ మలుపు మాత్రం ఎవరిదీ కాదు.

తర్వాత మాక్ డ్రిల్ పెట్టించాం. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో సిలిండర్ వాడకం చూపిస్తారు, కానీ అది మైదానంలో. నాకు కావలసింది భవనం లోపలి డ్రిల్, ముందు మెట్లు మూసేసి, వెనక మెట్ల మీదుగా. స్టేషన్ వాళ్ళు ఒప్పుకున్నారు. డ్రిల్ బాగా జరిగింది, ఎందుకంటే ఆ రోజు తాళం తీసి ఉంచారు. మర్నాడు మళ్ళీ వేశారు. డ్రిల్‌తో జనానికి దారి తెలుస్తుంది, అంతే. ఆ దారిని రోజూ తెరిచి ఉంచడానికి వేరే ఏర్పాటు కావాలి.

మూడోది నోటీసు. మున్సిపాలిటీ నుంచి యజమానులకి వెళ్ళింది. "నిబంధనల ప్రకారం అగ్నిభద్రతా ఏర్పాట్లు చేయించవలెను" అని ఉంది. యజమానుల జవాబు: వాడకం అద్దెదారులది. అద్దెదారుల జవాబు: కట్టడం యజమానులది. రెండు జవాబులూ అగ్రిమెంట్ చూస్తే తప్పు కావు. ఏ వస్తువు, ఎక్కడ, ఎవరు, ఎప్పటిలోగా అని లేని నోటీసుకి జవాబు రాయడం తేలిక, పని చేయడం కష్టం.

నాలుగోది సంపు. కింద నీళ్ళ సంపు, ఫైర్ పంపు పెడదామని ఒక ఏజెన్సీ కొటేషన్ ఇచ్చింది. నేను మొదటి నుంచీ అనుమానపడ్డాను. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. ఖాళీ సంపుని వర్షాకాలంలో భూగర్భ జలం కింద నుంచి ఎత్తేస్తుంది, గోడలు బీటలు వేస్తాయి. కాలువ గట్టు పక్కన, పాత పునాదుల దగ్గర ఆ తవ్వకమే ప్రమాదం. గుంత మొదలుపెట్టిన చోటే నీరు చిమ్మింది, ఆపేయించాం. ఖర్చు మాట వినగానే ముగ్గురు యజమానులూ వెనక్కి తగ్గారు. బాబాయి గారు ఫోన్ ఎత్తడం మానేశారు.

ఈ దశలో భవనాన్ని సీజ్ చేయించమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. సీజ్ చేస్తే రోగులు, పిల్లలు ఎక్కడికి పోతారన్నది ప్రశ్న. ఆ పట్టణంలో ఖాళీగా ఉన్న మిగతా భవనాల్లో చాలావాటికి వెనక మెట్లే లేవు. అందుకని మధ్యదారి అడిగాను: మూడో అంతస్తు వాడకం ఆపాలి, టెర్రస్ వంట ఆ రోజే ఆపాలి, స్టడీ అవర్లు సాయంత్రం ఆరుకి ముగించాలి. ప్రమాదంలో ఉన్న మనుషుల సంఖ్య ముందు తగ్గాలి, నిర్మాణం పనులు తర్వాత. కాలేజీ ఇన్‌ఛార్జి వంట విషయంలో పట్టుబట్టారు. ఆయనకి తమిళనాడులో కుంభకోణం అనే ఊళ్ళో జరిగిన స్కూలు అగ్నిప్రమాదం గుర్తు చేశాను. 2004 జూలై 16న వంటపాకలో లేచిన నిప్పు తరగతి గది పైకప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. 2019 మే 24న సూరత్‌లో పై అంతస్తు కోచింగ్ సెంటర్ పిల్లలు కిటికీల్లోంచి దూకారు, 22 మంది చనిపోయారు. ఆయనకీ ఇంటర్ చదివే కూతురుంది. వంట మర్నాటికి ఆగిపోయింది.

పని కదిలిన చోటు

మొదట కదిలింది తాళం. అప్పటిదాకా అందరం "తాళం తీసెయ్యాలి" అంటున్నాం. ఎందుకు వేశారని అడిగాక అసలు విషయాలు బయటికొచ్చాయి. ఒక్కొక్కరికి ఒక్కో భయం. నర్సింగ్ హోమ్‌కి బిల్లు కట్టకుండా వెనక నుంచి వెళ్ళిపోతారని. కాలేజీకి పిల్లలు క్లాసు ఎగ్గొట్టి పోతారని. బట్టల షాపుకి దొంగలని. ఇవి నిజమైన భయాలే, కాబట్టి తాళం తీయమని ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ వేస్తారు. కటకటాల గేటు తీసేసి బయటికి తెరుచుకునే తలుపు, దానికి పానిక్ బార్ పెట్టించాం. లోపలి నుంచి చేత్తో నెడితే తెరుచుకుంటుంది, బయటి నుంచి రాలేరు. తెరవగానే బజర్ మోగుతుంది, ఆ శబ్దం నర్సింగ్ హోమ్ కౌంటర్‌లోనూ కాలేజీ ఆఫీసులోనూ వినిపిస్తుంది. మూడు భయాలకీ జవాబు దొరికింది, తాళం అవసరమే పోయింది. ఖర్చు సంపుతో పోలిస్తే చాలా తక్కువ. జనరేటర్ బయట ప్రహరీ పక్కకి మారింది.

రెండోది, అందర్నీ ఒకచోట కూర్చోబెట్టే బదులు ఒకేసారి నడిపించాను. టెర్రస్ నుంచి గేటు దాకా బాబాయి గారు, డాక్టరమ్మ గారు, కాలేజీ ఇన్‌ఛార్జి, రెండు షాపుల వాళ్ళు, వాచ్‌మన్. కనబడిన ప్రతి ఉమ్మడి వస్తువు దగ్గరా ఆగి ఒకటే ప్రశ్న: ఇది పాడైతే ఎవరికి ఫోన్ చేయాలి? ప్యానెల్ దగ్గర ఎక్కువసేపు ఆగాం. చివరికి బాబాయి గారే అన్నారు, "సరేలెండి, దీనికి నా పేరే రాయండి. బిల్లు మాత్రం పిల్లల్ని అడుగుతాను." అప్పటికప్పుడు అట్ట మీద రాసి అంటించాం, తర్వాత రేకు పలకలు చేయించాం: ఈ తలుపు చూసే వారు, ఫోన్ నంబరు, నెలకోసారి చూసిన తేదీ. నర్సింగ్ హోమ్ ఆక్సిజన్ వాల్వ్ దగ్గర డ్యూటీ సిస్టర్ హోదా రాశాం, మనిషి పేరు కాదు. సిస్టర్లు షిఫ్టులు మారతారు, డ్యూటీ మారదు. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళు ఆ వాల్వ్ మూసి చూపించాకే పలక బిగించాను.

మూడోది, నా లెక్కలో అసలైనది, అనుబంధ అగ్రిమెంట్. లాయర్ గారితో కూర్చుని రాయించాం. మెట్లు, ప్యానెల్, టెర్రస్, వెనక తలుపు, ఎమర్జెన్సీ లైట్లు యజమానుల బాధ్యత. అంతస్తు లోపలివి అద్దెదారులవి. ఏటా చేయించే మెయింటెనెన్స్ ఖర్చు చదరపు అడుగుల లెక్కన అందరూ పంచుకోవాలి. ఇంతవరకూ ఎవరైనా రాసేదే. పని చేయించింది ఇంకో షరతు: యజమానుల బాధ్యతలో ఉన్న పని రాతపూర్వకంగా చెప్పిన ముప్ఫై రోజుల్లో కాకపోతే, అద్దెదారు సొంతంగా చేయించి ఆ డబ్బు అద్దెలో మినహాయించుకోవచ్చు. అలాగే అద్దెదారు దారికి అడ్డం పెట్టిన సామాను మూడు రోజుల్లో తీయకపోతే బాబాయి గారు తీయించి ఖర్చు వసూలు చేస్తారు. ఇక బాధ్యత తప్పించుకుంటే ఎవరి జేబుకి నష్టమో కాగితం మీద తేలిపోయింది.

యజమానులు సంతకం ఎందుకు పెట్టారన్నది ముఖ్యం. పెద్ద ప్రమాదాల గురించి నేను చెప్పినవి హైదరాబాద్‌లో ఉన్న ఇద్దర్నీ కొంత కదిపాయి. 2020 ఆగస్టు 9న విజయవాడలో, ఒక ప్రైవేటు ఆస్పత్రి కోవిడ్ సెంటర్‌గా వాడుతున్న హోటల్లో మంటలు లేచి 10 మంది చనిపోయారు. భవనం ఒకరిది, వాడకం ఇంకొకరిది అంటే మన భవనమూ అంతే. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ థియేటర్లో 59 మంది పోయాక యజమానులకే శిక్ష పడింది. ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో నిప్పు విషయంలో నిర్లక్ష్యానికి 287, నిర్లక్ష్యం వల్ల మరణానికి 106 సెక్షన్లు ఉన్నాయి. అమెరికాలో ఉన్న అమ్మాయిని కదిపింది మాత్రం ఇన్సూరెన్స్. పాలసీలో భవనం వాడకం "షాపులు, ఆఫీసులు" అని ఉంది. నర్సింగ్ హోమ్, కాలేజీ, టెర్రస్ మీద గ్యాస్ వంట చెప్పలేదు. వాడకం దాచిన పాలసీకి క్లెయిమ్ నిరాకరించే అవకాశం ఉంటుందని వివరించాక ఆవిడే తమ్ముళ్ళకి ఫోన్ చేసి ఒప్పించారు. ఎవరు ఏ మాటకి కదులుతారో ముందు తెలియదు, అన్ని మాటలూ సిద్ధంగా పెట్టుకోవాలి.

నాలుగోది తనిఖీ తీరు. స్టేషన్ ఆఫీసర్ గారిని కలిసి, సాధారణ నోటీసు కాకుండా వస్తువుల వారీగా రాయమని అడిగాను. ఆయన మూడు గడువులతో లేఖ ఇచ్చారు: వెంటనే, వారంలో, మూడు నెలల్లో. ప్రతి అంశం పక్కన మా పలకల మీద ఉన్న పేర్లే వేశారు. ప్రతులు వైద్య శాఖకీ, ఇంటర్ బోర్డు ప్రాంతీయ కార్యాలయానికీ, టౌన్ ప్లానింగ్‌కీ వెళ్ళాయి. రిజిస్ట్రేషన్ రెన్యువల్, అఫిలియేషన్ రెండూ ఆ లేఖ మీద ఆధారపడేసరికి ఎవరూ గడువు దాటనివ్వలేదు. జరిమానాకన్నా రెన్యువల్ ఆగిపోతుందన్న టెన్షన్ ఎక్కువ పని చేస్తుంది. అధికారులకి అదనపు అధికారాలేమీ అక్కర్లేకపోయాయి, ఒకరి దగ్గర ఉన్న సమాచారం ఇంకొకరికి చేరింది, అంతే.

నిర్మాణంలో చేసిన మార్పులు క్లుప్తంగా. ప్యానెల్ మెట్ల కింద నుంచి బయటి గోడకి, ఇనుప పెట్టెలో, బైమెటాలిక్ లగ్గులతో మారింది. ఏడాదికి రెండుసార్లు, వేసవి ముందు ఒకసారి, వర్షాలు తగ్గాక ఒకసారి అతుకులు బిగించి, వేడిని చూపించే థర్మల్ కెమెరాతో చూస్తున్నారు. మొదటి అంతస్తు కారిడార్ మధ్యలో ఫైర్ డోర్ పెట్టి నర్సింగ్ హోమ్‌ని రెండు భాగాలు చేశాం. మంచం మీద ఉన్న రోగిని మెట్లు దింపడం రాత్రి ఇద్దరు సిస్టర్లకి అయ్యే పని కాదు. పొగ ఒక భాగంలో ఉంటే రెండో భాగంలోకి మంచంతో సహా తోసుకుపోవచ్చు. సంపు బదులు టెర్రస్ ట్యాంకు, బూస్టర్ పంపు, ప్రతి అంతస్తులో హోస్ రీల్, అంటే చుట్టి ఉంచే నీళ్ళ గొట్టం. ట్యాంకు బరువు స్లాబ్ మోస్తుందో లేదో స్ట్రక్చరల్ ఇంజనీర్ చూశాకే పెట్టాం. వాడకం నీటి పైపుని ట్యాంకు అడుగు నుంచి కాకుండా పై నుంచి తీశాం, కాబట్టి కుళాయిలు ఆగిపోయినా ఫైర్ నీళ్ళు అడుగున మిగిలే ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేసి ఊరంతా నీటికి ఇబ్బంది పడేటప్పుడు ఈ ఒక్క ఏర్పాటు చాలా ధైర్యం.

నేర్చుకున్నవి

ఇప్పుడు ఏ అద్దె భవనానికి వెళ్ళినా ముందు అగ్రిమెంట్లు అడుగుతున్నాను, ప్లాను ఆ తర్వాతే. అగ్రిమెంట్‌లో లేని చోట్లు పెన్సిల్‌తో ప్లాను మీద గీస్తే, ప్రమాదం ఎక్కడ పేరుకుంటుందో చాలావరకు అక్కడే కనబడుతుంది. ఎన్‌వోసీని అద్దెదారు పేర కాక, భవనానికి మొత్తంగా యజమాని పేర తీసుకోమని చెబుతున్నాను. అంతస్తు ఖాళీ అయి కొత్తవాళ్ళు వచ్చినప్పుడు వాడకం మారితే, అద్దె అడ్వాన్సు తీసుకోకముందే ఫైర్ వైపు లెక్క మళ్ళీ చూసుకోవాలి. షాపు పోయి ట్యూషన్ సెంటర్ వస్తే గోడలు అవే ఉంటాయి, లోపలి మనుషుల సంఖ్య, వయసు మారిపోతాయి.

తనిఖీ అధికారులకి ఒక విన్నపం. మూసి ఉన్న తలుపు కనబడితే తెరవమని రాసే ముందు ఎందుకు మూశారో అడగండి. కారణం తీరితే తలుపు తెరిచే ఉంటుంది, లేకపోతే మీరు మెట్లు దిగేలోపు తాళం పడుతుంది. తనిఖీ కూడా రాత్రి ఒకసారి చేయండి. పగలు చూస్తే ఈ భవనం బాగానే ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు, తాళంచెవి ఉంది.

తేలని విషయం ఒకటి మిగిలింది. ఫైరింజన్ ఇప్పటికీ బజారు మూల దగ్గరే ఆగాలి. సందులోకి షాపుల రేకులు ముందుకొచ్చాయి, మలుపులో కరెంటు స్తంభం ఉంది. మూల నుంచి భవనం గేటు దాకా 15 మీటర్ల హోస్‌లు ఐదు కలిపితే గాని అందదు. ఆ దూరం పరిచేలోపు విలువైన నిమిషాలు పోతాయి. మూల దగ్గర ఇంజన్ నీళ్ళు ఎక్కించే ముఖద్వారం పెట్టి, సందు వెంట భూమిలో పైపు వేసి భవనం పైపులకి కలపాలని ప్రతిపాదించాం. ఈ భవనంతో పాటు ఆ సందులో ఉన్న మిగతా వాటికీ అదే పైపు పనికొస్తుంది. సందు మున్సిపాలిటీది, స్తంభం కరెంటు వాళ్ళది, రేకులు షాపులవి. ముగ్గురి పేర్లూ, అంశాలూ విడివిడిగా రాసి, ఆ సందులో ఉన్న అన్ని భవనాల వాళ్ళ సంతకాలతో అర్జీ పెట్టాం. మొదటి సంతకం బాబాయి గారిది. స్తంభం జరపడానికి అంచనా వేశారు, పైపు ఫైలు టౌన్ ప్లానింగ్‌లో ఉంది, రేకుల విషయంలో షాపుల వాళ్ళతో మాటలు నడుస్తున్నాయి.